తొలి పరిసరం: పసిపిల్లల భాష, మెదడు ఎదుగుదల (మహదేవపూర్ ప్రాంతం)

జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో పుట్టిన బిడ్డ చెవిన నడక రాకముందే ఒకటికి మించి భాషలు పడతాయి. ఇంట్లో తెలంగాణ తెలుగు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. అటునుంచి వచ్చే చుట్టాలతో, బేరగాళ్లతో మరాఠీ. పలిమెల, మహాముత్తారం వైపు అడవి పల్లెల్లో కోయ. అంగట్లో ఉర్దూ. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ మండలం కొత్త జిల్లాల ఏర్పాటుతో ఇటు వచ్చింది. అప్పుడే వరంగల్ నుంచి వేరుపడిన మహబూబాబాద్‌లో తండాలు ఎక్కువ. అక్కడి పిల్లల మొదటి మాట లంబాడీల గోర్‌బోలీలో పుడుతుంది. జనగామ పల్లెల్లో తెలుగుదే రాజ్యం.

బిడ్డ చుట్టూ ఉండే మాట, తిండి, నిద్ర, జబ్బు, ఎత్తుకునే చేతులు, ఇంట్లోని నెమ్మది లేదా గొడవ, ఇవన్నీ కలిపితే తొలి పరిసరం. గర్భంలోని చివరి మూడు నెలల నుంచి సుమారు ఆరేళ్ల ఈడు వరకు ఈ పరిసరం మెదడు నిర్మాణంలోకి నేరుగా చేరిపోతుందని గత అరవై ఏళ్ల పరిశోధన చూపింది. ఏది ఎంత చేరుతుంది, తప్పిపోయింది తర్వాత దొరుకుతుందా అన్న దగ్గరే శాస్త్రజ్ఞుల వాదాలు ఇంకా నడుస్తున్నాయి.

మెదడు అల్లిక

పుట్టిన బిడ్డ మెదడు సుమారు 350 గ్రాములు, పెద్దవారి మెదడులో నాలుగో వంతు. రెండేళ్లకు అది దాదాపు ముప్పావు వంతుకు, ఆరేళ్లకు తొమ్మిది పదో వంతులకు చేరుతుంది. నాడీకణాల్లో ఎక్కువ భాగం పుట్టేనాటికే సిద్ధం. ఆ తర్వాత పెరిగేవి కణాల మధ్య అతుకులు, వాటి తీగల చుట్టూ కొవ్వు తొడుగు. షికాగో విశ్వవిద్యాలయ నాడీవైద్యుడు పీటర్ హట్టెన్‌లాకర్ 1970ల చివరి నుంచి, చనిపోయిన వారి మెదళ్ల నుంచి తీసిన పలుచటి పొరల్లో ఈ అతుకులను సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాడు. చూపుకు సంబంధించిన భాగంలో అవి మొదటి ఏడాదిలోనే పతాక స్థాయికి చేరతాయి. ఆలోచన, నిగ్రహం నడిపే ముందుభాగంలో ఆలస్యంగా పెరిగి, యౌవనం దాకా తగ్గుతూ పోతాయి. పత్తి చేనులో ఒత్తుగా మొలిచిన మొక్కల్ని పీకి పలచన చేసినట్టు, వాడుకలో ఉన్న అతుకులు బలపడి, వాడనివి రాలిపోతాయి. ఏది వాడుకలో ఉంటుందో నిర్ణయించేది పరిసరమే.

దీనికి తిరుగులేని రుజువు పిల్లికూనల నుంచి వచ్చింది. డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజెల్ 1960లలో పిల్లికూన ఒక కంటిని పుట్టిన కొత్తలో కొన్ని వారాలు మూసి ఉంచారు. తర్వాత తెరిచినా ఆ కన్ను చెప్పేది మెదడు వినలేదు. పెద్ద పిల్లికి అలాగే మూస్తే ఏమీ కాలేదు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. భాషకూ ఇలాంటి గడువు ఉందని ఎరిక్ లెన్నెబర్గ్ 1967లో వాదించాడు. భాష విషయంలో ఆ గడువు తలుపు మూసినట్టు ఒక్కసారి ముగియదనీ, ధ్వనులకు ముందు, వ్యాకరణానికి తర్వాత ముగుస్తూ, పదసంపదకు దాదాపు ఎన్నటికీ ముగియదనీ ఇప్పటి అవగాహన.

ఈ పనికి ఇంధనం చాలా కావాలి. ఐదేళ్ల ప్రాయంలో శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మెదడుకే పోతుందని క్రిస్టఫర్ కుజావా బృందం 2014లో లెక్కగట్టింది. బొద్దుగా ఉన్న పిల్లలు ఆ వయసులో సన్నబడటానికి ఇదొక కారణం కావచ్చు.

చెవి ముందు, నోరు తర్వాత

వినికిడి గర్భంలోనే మొదలవుతుంది. ఉమ్మనీటి గుండా మాటల్లోని అక్షరాలు తెలియవు గానీ రాగం, ఒరవడి తెలుస్తాయి. ఆంథొనీ డికాస్పర్, విలియమ్ ఫైఫర్ 1980లో, పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలు తల్లి గొంతు వినడం కోసం పాలపీక చప్పరించే వేగాన్ని మార్చుకుంటారని చూపారు. మొదటి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి పోయే ఆచారం ఇక్కడ ఇంకా గట్టిగానే ఉంది. కాబట్టి బిడ్డ తొలి నెలల్లో వినేది ఎక్కువగా అమ్మ, అమ్మమ్మ, చిన్నమ్మల మాట.

మొదటి ఏడాదిలో జరిగే మార్పు తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో హిందీలోని త, ట ధ్వనులను ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను ఇట్టే పట్టారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ పట్టు పోయింది. హిందీ వినే పిల్లల్లో నిలిచింది. అంటే ప్రపంచంలోని ఏ భాష ధ్వనినైనా పట్టగల చెవితో పుట్టిన బిడ్డ, ఏడాది తిరిగేలోగా తన ఊరి ధ్వనులకు పదునుపెట్టుకుని మిగతావాటిని వదిలేస్తుంది. తాత, టోపీ రెండూ వినే మన బిడ్డకు ఆ తేడా చెక్కు చెదరదు. అమెరికాలో ఇంగ్లిష్ మాత్రమే వింటూ పెరిగిన తెలుగువారి పిల్లలు పదేళ్లప్పుడు తెలుగు నేర్చుకోబోయి తడబడేది చాలాసార్లు ఇక్కడే.

వినడం ఒక్కటే చాలదు. సియాటిల్‌లో పాట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పన్నెండు విడతల్లో వాళ్లు ఆ ధ్వనులు పట్టారు. అదే మనిషి, అవే మాటలు తెర మీద చూపితే ఒక్కటీ పట్టలేదు. రెండేళ్లలోపు పిల్లలకు ఫోన్లు, టీవీలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోన్ చేతికివ్వడం పల్లెలకూ పాకింది. చందమామను పిలుస్తూ బువ్వ పెట్టే పద్ధతిలో తినిపించేవాళ్లు, తినేవాళ్లు ఒకరినొకరు చూసుకునేవారు. తేడా అక్కడ ఉంది.

నాయినమ్మ లేదా అమ్మమ్మ కాళ్లు చాపుకుని, బిడ్డను ముంగాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి వేడినీళ్లు పోసే స్నానం కూడా ఈ కోణంలో చూడదగ్గది. లాల పోసినంతసేపూ ఆమె ఊరుకోదు. అడుగుతుంది, తానే జవాబు చెబుతుంది, బిడ్డ 'ఊఁ' అంటే ఆ ఊఁకు మళ్లీ మాట కలుపుతుంది. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1978లో ప్రచురించిన ప్రయోగంలో తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డవైపు చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ నవ్వి, చేతులు చాచి, అరిచి, చివరకు ముఖం తిప్పేసుకుంటుంది. కొద్ది నెలల బిడ్డకే మాటకు మారుమాట కావాలన్న ఆశ ఉంటుందని దీంతో తేలింది. బువ్వ, లాల, జేజ, బూచి లాంటి పసిమాటలు రెండక్షరాలవి, కొన్ని పెదవులతో పలికేవి, కొన్ని రెట్టించినవి కావడం వల్ల బిడ్డ నోటికి ముందు అందుతాయి. పెద్దలు గొంతు పెంచి సాగదీసి ముద్దుగా పలికే తీరు ధ్వనుల మధ్య ఎడాన్ని పెంచుతుంది. దాన్ని చాదస్తమనుకునే చదువుకున్నవారు పొరబడుతున్నారు. నూనె విషయంలో మాత్రం ముసలమ్మలకు ఒక మాట చెప్పాలి: ఒంటికి రాయవచ్చు, చెవిలో పోయకూడదు.

మాటలు ఎన్ని, ఎవరివి

బెట్టీ హార్ట్, టాడ్ రిజ్లీ 1995లో వెలువరించిన పుస్తకం ఈ రంగాన్ని కుదిపేసింది. కాన్సస్‌లో 42 కుటుంబాలను రెండున్నరేళ్లు గమనించి, నాలుగేళ్లు నిండేసరికి పేదింటి బిడ్డ ఉన్నవారి బిడ్డకన్నా మూడు కోట్ల మాటలు తక్కువ వింటుందని వారు అంచనా వేశారు. ఆ సంఖ్య ప్రభుత్వ కార్యక్రమాల్లోకి, ప్రసంగాల్లోకి ఎక్కింది. కానీ పేద కుటుంబాలు అందులో ఆరే. పైగా తల్లి బిడ్డతో నేరుగా అన్న మాటలనే ఎక్కువగా లెక్కించారు. డగ్లస్ స్పెరీ బృందం 2019లో వేర్వేరు సముదాయాల్లో చుట్టుపక్కలవారి మాటలనూ కలిపి చూస్తే ఆ అగాధం అలా కనబడలేదు. మెక్సికోలోని సెల్తాల్ మాయా పల్లెల్లో పసివాళ్లతో నేరుగా మాట్లాడేది గంటకు నాలుగు నిమిషాలకన్నా తక్కువని మరిసా కసియాస్ బృందం రికార్డింగులతో తేల్చింది. అయినా ఆ పిల్లలు మొదటి మాటలు, మాటల జతలు ఇతర దేశాల పిల్లలతో సమానంగానే అందుకున్నారు.

మహదేవపూర్ పల్లెలను కాన్సస్ కొలబద్దతో కొలవడం తప్పని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇక్కడ బిడ్డ ఒకరి ఒళ్లో ఉండదు. బాపు భుజం మీద, మేనత్త చంకలో, పెదనాయిన పిల్లల ఆటల మధ్య, బోరింగు దగ్గర, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల నడుమ పెరుగుతుంది. పుస్తకం లేని ఇల్లంటే భాష లేని ఇల్లని కాదు. ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చి సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన చుక్క సత్తయ్య జనగామ ప్రాంతంలోని మాణిక్యపురం వాడు. రాత్రంతా సాగే అలాంటి కథ వింటూ తల్లి ఒళ్లో నిద్రపోయిన పిల్లలు విన్న భాష పలుచనిదేమీ కాదు.

అయితే మాటలు చుట్టూ ఉన్నా బిడ్డకు జవాబు దొరకాలి. బోస్టన్ ప్రాంతంలో రేచెల్ రోమియో బృందం 2018లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ఇళ్లలో రికార్డు చేసి, మెదడు స్కానులతో పోల్చింది. విన్న మాటల సంఖ్య కన్నా బిడ్డా పెద్దా వంతులవారీగా మాట్లాడుకున్న సార్లే భాషకు సంబంధించిన బ్రోకా ప్రాంతం చురుకుతో ముడిపడి కనిపించాయి. తల్లిదండ్రుల చదువు, ఆదాయం పక్కనబెట్టి చూసినా అది నిలిచింది.

ఇక్కడి జీవితంలో ఆ వంతు తప్పేది పని కాలంలో. పత్తి ఏరేటప్పుడు, మిరప తోటల్లో కాయ ఏరేటప్పుడు, ఎండాకాలం తునికాకు సేకరణలో తల్లి పొద్దున పోతే పొద్దుగూకాక వస్తుంది. చంటిదాన్ని చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో వేస్తుంది, లేదా ఎనిమిదేళ్ల అక్కకు అప్పజెబుతుంది. అక్క మాట కలుపుతుంది, నిజమే. కానీ ఆమె బడి పోతుంది. అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండినవారికే. అంతకన్నా చిన్నవారికి అంగన్‌వాడీ కేంద్రం నుంచి అందేది ముఖ్యంగా ఇంటికిచ్చే పిండి, టీకా, తూకం. మెదడు అన్నిటికన్నా వేగంగా అల్లుకునే మూడేళ్లు పథకాల మధ్య ఖాళీలో పడ్డాయి. కేంద్ర ప్రభుత్వం ఇటీవల పుట్టుక నుంచి మూడేళ్ల దాకా 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్లకు 'ఆధారశిల' పేరుతో మార్గదర్శకాలు తెచ్చి ఈ ఖాళీని ఒప్పుకుంది.

తిండి, రక్తం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు వారిలో 70 శాతానికి రక్తహీనత. భాష గురించి రాస్తూ రక్తం లెక్కలెందుకంటే, ఇనుము నాడీతీగల కొవ్వు తొడుగుకు, కణాల మధ్య కబురు మోసే రసాయనాలకు అవసరం. ఇనుము తక్కువైన బిడ్డ మందకొడిగా ఉంటుంది, ఆడదు, పిలిస్తే పలకదు. పలకని బిడ్డతో పెద్దలూ తక్కువ మాట్లాడతారు. అలా కడుపులోని లోటు చెవికి చేరుతుంది.

ఈ విషయంలో ప్రపంచానికి సాక్ష్యం అందించిన చోట్లలో మన ప్రాంతం ఒకటి. 1987–90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో కొన్నిటిలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి, మిగతావాటితో పోల్చారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆ పిల్లలను దశాబ్దాలపాటు వెంబడించిన అధ్యయనంలో భాగస్వామి. ఆహారం అందిన పల్లెల్లో పుట్టినవారు కౌమారానికి వచ్చేసరికి సగటున 0.84 తరగతి ఎక్కువ చదివారని 2010ల నాటి విశ్లేషణ చెప్పింది. అదే సంస్థ అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంతో కలిసి నల్గొండ జిల్లాలో అంగన్‌వాడీ పిల్లల మధ్యాహ్న భోజనంలో సూక్ష్మపోషకాల పొడి కలిపి చూసింది. రక్తహీనత తగ్గడంతోపాటు పిల్లలు మాటల్లో చెప్పగలిగే శక్తి కూడా పెరిగింది.

తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి 1న మొదలుపెట్టిన ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు తీసుకుంటారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు బాలామృతం నెలకు రెండున్నర కిలోలు. ఇంటికిచ్చిన పిండి ఇంట్లో అందరూ పంచుకోవడం మామూలే. తిండి మీద పెట్టిన శ్రద్ధ మాట మీద పెట్టకపోవడం పెద్ద లోపం. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ 1980లలో ఎత్తు తగ్గిన 129 మంది పిల్లలతో చేసిన ప్రయోగం దీన్ని ఎత్తి చూపింది. ఆరోగ్య కార్యకర్తలు వారానికొక గంట రెండేళ్లపాటు వారిలో కొందరి ఇళ్లకు వెళ్లి, పాత డబ్బాలు, గుడ్డ బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన మిగతావారికన్నా 25 శాతం ఎక్కువ.

పాత కరీంనగర్ జిల్లా కూడా చేరిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను వెంబడించింది. బొమ్మ చూపి మాట గుర్తించే పరీక్షలో ఉన్న ఇళ్ల పిల్లలకు, లేని ఇళ్ల పిల్లలకు మధ్య తేడా ఐదేళ్లకే కనిపించింది. ఏడాది వయసులో ఎత్తు తగ్గి, ఎనిమిదేళ్లకు కోలుకున్న పిల్లలు కోలుకోనివారికన్నా పరీక్షల్లో మెరుగ్గా ఉండటం కూడా ఈ అధ్యయనంలోనే తేలింది. మొదటి వెయ్యి రోజుల తర్వాత అంతా అయిపోయినట్టేనన్న నినాదానికి అది సవరణ.

వినికిడి లోపం, ఒంటరితనం

బి.ఎడ్. పుస్తకాల్లో ఈ పాఠం దగ్గర కమల, అమల అనే తోడేలు పిల్లల కథ ఇప్పటికీ వస్తుంది. 1920లో మిడ్నపూర్ దగ్గర దొరికారని పాదరీ సింగ్ రాసిన ఆ కథను తర్వాతి పరిశోధకులు గట్టిగా శంకించారు. దానిమీద సిద్ధాంతం కట్టవద్దు. బలమైన సాక్ష్యం రుమేనియా అనాథాశ్రమాలది. బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీ వేసినట్టు ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. పదిహేను నెలలలోపు కుటుంబంలో చేరిన పిల్లల భాష తోటివారితో సమానమైంది. రెండేళ్లు దాటి చేరినవారు బాగా వెనుకబడ్డారు.

చెవుడు పుట్టుకతో వస్తే ఇంట్లో ఎంత మాటలున్నా బిడ్డకు అందవు. మేనరికాలు ఎక్కువగా ఉన్న తెలుగు నేల మీద ఇది చిన్న సంగతి కాదు. ఆరు నెలలలోపు గుర్తించి సాయం అందిస్తే భాష దాదాపు మామూలుగా వస్తుందని క్రిస్టీన్ యోషినాగా ఇటానో 1998లో చూపింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వినికిడి పరీక్షను చేర్చింది. పల్లెల్లో మాత్రం 'వాళ్ల తాతకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అన్న ఓదార్పుతో రెండు మూడేళ్లు గడిచిపోతాయి. సైగల భాష తొందరగా అందినా మెదడుకు అది పూర్తి భాషే. అసలు ఏ భాషా లేకుండా గడిచే ఏళ్లే తీరని నష్టం.

ఇంటి భాష, కేంద్రం భాష

మహబూబాబాద్ తండా నుంచి మూడేళ్ల పిల్ల అంగన్‌వాడీకి వచ్చేసరికి ఆమె మెదడు గోర్‌బోలీకి ట్యూన్ అయి ఉంటుంది. టీచర్‌ది తెలుగు. కోయ పల్లెల్లో చాలామంది పిల్లలు రెండు భాషలతోనే పెరుగుతారు కాబట్టి ఇబ్బంది తక్కువ. ఛత్తీస్‌గఢ్ గొడవల వల్ల 2005 తర్వాత భూపాలపల్లి, ములుగు అడవుల్లోకి వచ్చి గుంపులుగా బతుకుతున్న గుత్తికోయల పిల్లలకు తెలుగు బొత్తిగా కొత్త. ఆ పిల్లలు కేంద్రంలో నోరు విప్పకపోతే 'మొద్దు' అన్న ముద్ర పడుతుంది. బిడ్డకు మాట ఉంది. ఆ మాటకు మారుమాట ఇచ్చేవారు గదిలో లేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000ల దశకంలో సర్వశిక్షా అభియాన్ కింద గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చి, ఆ భాషల టీచర్లను పెట్టింది. దేశంలో తొలి ప్రయత్నాల్లో అదొకటి. కానీ అది ఒకటో తరగతి నుంచి మొదలైంది. పిల్ల అప్పటికే రెండు మూడేళ్లు అంగన్‌వాడీలో తెలుగులో కూర్చుని వచ్చి ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోట ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలంది.

రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలు తికమకపడి మాటలు ఆలస్యమవుతాయన్న భయం పట్టణాల్లో ఎక్కువ. ఆ భయానికి ఆధారం లేదు. ఒక్కో భాషలో తెలిసిన పదాలు కాస్త తక్కువగా కనిపించినా రెండూ కలిపితే లెక్క సరిపోతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి, రెండు భాషలవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని ప్రకటించింది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. ఈ లాభం మీద ఇతర దేశాల్లో వాదం తీరలేదు గానీ, నష్టమని గట్టిగా తేలలేదు.

కాళేశ్వరంలో మహాసరస్వతి గుడి ఉంది. పలకా బలపంతో పిల్లల్ని అక్కడికి తెచ్చి అక్షరాభ్యాసం చేయిస్తారు. ఆనాటికి ఆ బిడ్డ వాక్యం కట్టడం, ప్రశ్న వేయడం, అబద్ధమాడటం కూడా నేర్చేసి ఉంటుంది. తెలుగు రాని ఇళ్ల పిల్లలున్న అంగన్‌వాడీ కేంద్రాల్లో ఈ మొదటి చదువును కొనసాగించగలిగేది తరచు ఆ ఊరి కోయ లేదా లంబాడీ ఆయమ్మే. టీచర్ మాటను పిల్లకు, పిల్ల మాటను టీచర్‌కు చేర్చేది ఆమే. ఆమె ఉద్యోగపు పనుల్లో పిల్లల్ని పిలుచుకురావడం, వండటం, గిన్నెలు తోమడం, ఊడవడం ఉన్నాయి. ఈ పని లేదు; దీనికి శిక్షణా లేదు, జీతమూ లేదు.